తనంతట తాను మాట కలుపుతారా?

ఆ ఫారం నింపడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. నలభై ఏళ్ళు పత్రికలో పనిచేసినవాణ్ణి. చిన్న రోడ్డు ప్రమాదం వార్తనైనా ఇద్దరిని అడగకుండా పంపిన గుర్తు లేదు. అలాంటివాణ్ణి, మా అక్క గురించి ఇరవై ప్రశ్నలకు ఎవరినీ అడగకుండా, ఇచ్చిన టీ చల్లారేలోపు జవాబులు రాసి సంతకం పెట్టాను.

సాకేత్‌లో మాల్స్ వెనక వీధిలో, ఒక పాత ఇంటి కింది అంతస్తులో ఉంది ఆ డే కేర్ సెంటర్. డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్ళను పొద్దున తొమ్మిదికి తీసుకుని సాయంత్రం నాలుగుకు ఇంటికి పంపుతారు. పాటలు, చిన్న ఆటలు, భోజనం, కాసేపు కునుకు. నలుగురిలో కూర్చోగలిగిన వాళ్ళకే అక్కడ చోటు. ఆ సంగతి తేల్చడానికే ఈ ఫారం. జ్ఞాపకశక్తి పరీక్ష వేరు, అది ఆస్పత్రిలో ముందే అయిపోయింది. ఇది మనిషి మనుషులతో ఎలా మసలుతున్నారో కొలిచేది. ఒక్కో ప్రశ్నకు సున్నా, ఒకటి, లేదా రెండు. మొత్తం నలభై. ఇరవై వస్తే తీసుకుంటారు.

అక్కకు పదమూడు వచ్చాయి.

అక్కకు డెబ్బై ఆరేళ్ళు. నాకంటే ఏడేళ్ళు పెద్ద. గుంటూరు నుంచి ఇరవై రెండేళ్ళకే ఒంటరిగా ఢిల్లీ వచ్చింది. ఒక మంత్రిత్వ శాఖ భవనంలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి అక్కడే రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. నన్ను ఢిల్లీకి తెచ్చింది తనే. తన ప్రభుత్వ క్వార్టర్లో ముందు గదిలో చాప వేసుకుని పడుకుంటూ నేను విలేకరినయ్యాను. ఆరేళ్ళ క్రితం నా భార్య పోయాక, కటవారియా సరాయ్ దాటాక ఉన్న మా రెండో అంతస్తు ఫ్లాట్లో మేమిద్దరమే మిగిలాం. పొద్దున రెండు గంటలు మేం దీదీ అని పిలిచే పనిమనిషి వచ్చి అక్కకు స్నానం చేయించి వెళ్తుంది. మిగతా రోజంతా నేనే.

దసరా తర్వాత నాకు మోకాలి ఆపరేషన్ అయింది. ఒక మధ్యాహ్నం మాత్ర వేసుకుని నేను నిద్రపోయినప్పుడు అక్క తలుపు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. రెండు సందుల అవతల చాయ్ దుకాణం బల్ల మీద కూర్చుని ఉండగా కాపలావాడు చూసి తీసుకొచ్చాడు. గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే నా కూతురు ఆ వారమే గ్రేటర్ నోయిడా అవతల ఒక రెసిడెన్షియల్ హోమ్ చూసి వచ్చింది. శుభ్రంగా ఉందట, నర్సులున్నారట, తోట ఉందట. డే కేర్‌లో చోటు దొరికితే అక్క నా దగ్గరే ఉంటుంది, దొరక్కపోతే హోమ్‌కి వెళ్తుంది. అలా అని నేనూ ఒప్పుకున్నాను. ఒప్పుకున్నప్పుడు పదమూడు వస్తాయనుకోలేదు.

ఫారం చూసిన సైకాలజిస్టుకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. జైపూర్ అమ్మాయి. నెమ్మదైన హిందీ. అక్క పక్క గదిలో బొమ్మల పుస్తకం తిరగేస్తుండగా నన్ను కూర్చోబెట్టింది.

"అంకుల్‌జీ, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి, బురా మత్ మానియే."

"చెప్పమ్మా."

"ఇందాక ఆంటీజీని నేను ఏడు ప్రశ్నలడిగాను. అయిదింటికి జవాబు మీరిచ్చారు."

నేను నవ్వబోయాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

"ఆవిడకి కాస్త టైమ్ పడుతుందమ్మా. మీకు ఆలస్యమవుతుందని..."

"నాకేం ఆలస్యం? జీతం ఇచ్చేదే ఇందుకు."

ఈ మార్కులు మార్చడానికి వీలుంటుందా అని అడిగాను. నా అనుభవంలో ప్రతి అధికారినీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడిగిన ప్రశ్నే అది, వేరే మాటల్లో.

"మార్చడం కుదరదు. సరిగ్గా కొలిచామా లేదా అన్నది మాత్రం చూడొచ్చు," అంది. "నాలుగు వారాలాగి మళ్ళీ చేద్దాం. ఈసారి మీరొక్కరే చాలదు. జబ్బు రాకముందు ఆవిడ ఎలా ఉండేదో తెలిసిన మనిషి ఇంకొకరు కావాలి, ఇంట్లోవాళ్ళు కాకుండా. ఆ రోజు ఆంటీజీ సగం పూట ఇక్కడ మిగతావాళ్ళతో కూర్చుంటారు. మీరు బయట."

"బయట అంటే?"

"అద్దానికి అవతల."

తిరిగి వస్తుంటే కారు నడుపుతున్న నా కూతురు సిగ్నల్ దగ్గర ఆగాక అంది.

"నాన్నా, థర్టీన్ అంటే థర్టీనే. రీవాల్యుయేషన్‌కి పెడతారా?"

"పెడతాను."

"అత్తని నేనేం వదిలించుకోవట్లేదు. మొన్న ఆదివారం తల స్నానం చేయించింది ఎవరు? నేనే కదా. కానీ ఆప్ గిర్ గయే తో? మీరు పడితే ఇద్దర్నీ ఎవరు లేపాలి?"

"నాలుగు వారాలు ఇవ్వమ్మా," అన్నాను.

"ఠీక్ హై. చార్ హఫ్తే. ఆ తర్వాత నో డ్రామా."

వెనక సీట్లో అక్క కిటికీలోంచి ఫ్లైఓవర్ కింద పూలకుండీలమ్మేవాళ్ళను చూస్తోంది. మా మాటలు విన్నదో లేదో చెప్పలేను. వినే ఉంటుంది. జీవితమంతా తను చేసిన పని అదే.

ఆ సాయంత్రమే అల్మారాలోంచి ఒక నోట్‌బుక్కు తీశాను. జేబులో పట్టే సన్నని స్పైరల్ పుస్తకం. ఉద్యోగంలో ఉన్నప్పుడు డజన్ల లెక్కన కొనేవాణ్ణి, ఇంకా కొన్ని మిగిలాయి. మొదటి పేజీలో నాకు నేనే నియమాలు రాసుకున్నాను. అక్క ఏం చేసిందో రాయాలి, నాకు ఏమనిపించిందో రాయకూడదు. ఎవరున్నారు, ఏ వేళ, దానికి ముందు ఏం జరిగింది అన్నవి తప్పకుండా రాయాలి. మంచిదీ చెడ్డదీ రెండూ రాయాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు డెస్కులో నేను చెప్పిన పాఠాలే ఇవి. ఫారం నింపిన రోజున వీటిలో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ రోజు నేను విలేకరిని కాను. నిద్ర చాలని మనిషిని. ప్రతి ప్రశ్న దగ్గరా నాకు గుర్తొచ్చింది అక్క కాదు, నా అలసట.

మొదటి వారం పేజీలు చూస్తే పదమూడు కూడా ఎక్కువే అనిపించింది. "సోమవారం, పొద్దున పది. పై ఇంటావిడ వచ్చింది. అక్క చూసింది, పలకరించలేదు. 'దీదీ, ఆప్ కైసీ హైఁ?' అంది ఆవిడ అక్కతో. 'బాగుంది' అన్నాను." "మంగళవారం, సాయంత్రం. మందుల షాపులో. 'మాతాజీ, బీపీ చూడమంటారా?' అన్నాడు షాపతను. 'వద్దు' అన్నాను." ఇలా సాగింది. శనివారం కూర్చుని మొత్తం చదివితే అసలు వార్త కనిపించింది. ఆ వారంలో అక్కతో మాట్లాడినవాళ్ళు చాలామందే ఉన్నారు. అక్కకు మాట్లాడే వంతు మాత్రం ఒక్కసారీ రాలేదు. అన్నిచోట్లా నేనే.

రెండో వారం మరో నియమం చేర్చుకున్నాను. ఎవరైనా అక్కనడిగితే నేను మనసులో పదివరకు లెక్కపెట్టాలి, నోరు తెరవకూడదు. చెప్పినంత సులువు కాదు. ఎదుటివాడి ముఖంలో జాలి కనిపిస్తుంది, మన ముఖం వేడెక్కుతుంది, నాలుక దానంతటదే లేస్తుంది. కూరగాయల బండివాడు గేటు దగ్గర బండి ఆపి, "మాతాజీ, పాలక్ ఏక్‌దమ్ తాజా హై," అన్నాడు. నేను పక్కనున్న గోడ వైపు చూస్తూ లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర అక్క అంది.

"పాలక్ నహీఁ. మేథీ దిఖావో."

వాడు మెంతికూర తీశాడు. అక్క ఒక కట్ట వాసన చూసి వెనక్కి పెట్టి ఇంకోటి తీసుకుంది. గేటు పక్కనే నిలబడి పుస్తకంలో రాసుకున్నాను. నా ఎనిమిది అంకెలకు అవతల, ఇన్నాళ్ళూ, ఎన్ని మెంతికూరలు ఆగిపోయాయో.

నాకు దురాశ పుట్టింది. ఆ సాయంత్రం అక్కను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. ఎవరైనా వస్తే ముందుగా నమస్తే అనాలి, 'ఆప్ కైసే హైఁ' అని అడగాలి, అని. అక్క నా వైపు చూసింది.

"ఎందుకడగాలిరా?"

"మర్యాదక్కా."

"బాగున్నారో లేదో గొంతు చెప్పదూ? మళ్ళీ అడిగేదేంటి?"

"ఒక్కసారి అను. నమస్తే..."

"నాకు నేర్పుతున్నావా నువ్వు? ఊర్నించి వచ్చినప్పుడు ఫోన్ తిప్పి పట్టుకుని, వినేవైపు మాట్లాడేవాడివి. మా సెక్షనంతా నవ్వింది."

నిజమే. పాఠం అక్కడితో ముగిసింది. ముగియడమే మంచిదయింది. తర్ఫీదిచ్చిన సాక్షిని కోర్టులో ఎన్నిసార్లో చూశాను, రెండో ప్రశ్నకే పట్టుబడిపోతాడు.

ఫారంలో పదకొండో ప్రశ్న: ఫోన్ ఉపయోగిస్తారా? నేను సున్నా వేశాను. అబద్ధం కాదు, అక్క ఏడాదిగా ఫోన్ ముట్టుకోలేదు. కానీ ఫోన్ తీసి అల్మారాలో పెట్టింది నేను. అప్పట్లో అక్క ప్రతి కాల్ ఎత్తి "లైన్ పర్ రహియే", అంటే లైన్లో ఉండండి, అని బల్ల మీద పెట్టేసి మరిచిపోయేది. మోసగాళ్ళు ఎవరైనా ఓటీపీ అడుగుతారేమోనని నా భయం. తీసేయడం తప్పు కాదేమో. తీసేసి, వాడదు అని మార్కు కోయడం మాత్రం తప్పే. నా ఫోన్‌ను భోజనాల బల్ల మీద పెట్టి, వంటింట్లోనే ఉండి, అక్కనే ఎత్తనివ్వడం మొదలుపెట్టాను. మూడో రోజు గ్యాస్ ఏజెన్సీ నుంచి కాల్ వచ్చింది. అక్క వెన్ను నిటారుగా పెట్టి ఎత్తింది.

"జీ, కహియే." అవతల ఏదో చెప్పారు. "ఏక్ మినిట్, లైన్ పర్ రహియే." ఫోన్ మీద అరచెయ్యి పెట్టి నన్ను పిలిచింది. "ఒరేయ్, ఎవరో అబ్బాయి, సిలిండర్ గురించి. త్వరగా మాట్లాడి పెట్టేయ్, వాడికి రొంప చేసి ఉంది."

నేను తీసుకున్నాను. అతను మూడు వాక్యాల్లో రెండుసార్లు తుమ్మాడు.

ఫారంలో ఇంకో ప్రశ్న ఉంది, ఎదుటివారి ఇబ్బందిని గుర్తిస్తారా అని. దానికీ సున్నా వేసి ఉన్నాను.

ఇక చెడ్డదీ రాయాలి. ఆ గురువారం పొద్దున్న స్నానాల గదిలోంచి దీదీ కేక వినిపించింది. పరిగెత్తలేను కనుక గోడ పట్టుకుని వెళ్ళాను. అక్క దీదీ చేతి మీద కొట్టింది. గట్టిగానే. గాజు పగిలి మణికట్టు మీద గీసుకుంది. దీదీ కళ్ళలో నీళ్ళు. అక్క ముఖంలో నేనెన్నడూ ఎరగని భయం, కోపం.

"మాఁజీ నే మారా," అంది దీదీ నాతో, చెయ్యి చూపిస్తూ. తర్వాత తనే, "పర్వాలేదు సాబ్, పెద్దావిడ, బుజుర్గ్ హైఁ," అంది.

ఆ పేజీ రాయడానికి సాయంత్రం దాకా ఆగాను. రాయకుండా వదిలేద్దామా అని కూడా అనుకున్నాను. చూసిందెవరు? దీదీ ఎవరికీ చెప్పదు. కానీ నియమం నియమమే. దీదీని మళ్ళీ అడిగి, ముందు ఏం జరిగిందో కనుక్కున్నాను. ఆ రోజు ఆలస్యమైందని దీదీ తొందర పడింది. అక్కకు వెనకనుంచి వచ్చి, చెప్పకుండా ఆమె చీర కుచ్చిళ్ళు లాగింది. అది కూడా రాశాను.

మూడో వారం రెండో సాక్షి కోసం పశ్చిమ ఢిల్లీ వెళ్ళాం. టెలిఫోన్ బోర్డు దగ్గర పాతికేళ్ళు అక్క పక్క సీట్లో కూర్చున్న పంజాబీ ఆవిడ. ఎనభైకి దగ్గరగా ఉంటుంది. మోకాళ్ళు పోయాయి, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఎన్నాళ్ళయిందో చూసి. అక్క గుమ్మంలో ఆగింది, గుర్తుపట్టిన జాడ లేదు. మెల్లగా వెళ్ళి సోఫాలో ఆవిడకు ఎడమ పక్కన కూర్చుంది.

"దేఖా?" అంది ఆవిడ నాతో. "కుడివైపు ఇంత ఖాళీ ఉంది. ఎడమవైపే కూర్చుంటుంది. బోర్డు దగ్గర అక్కడే ఆమె సీటు."

చాయ్ వచ్చింది. నేను ఫారం తీసి చదివాను. "తనంతట తాను మాట కలుపుతారా?"

ఆవిడ నవ్వి నవ్వి దగ్గింది. "ఛోటే, ఆపరేటర్ మాట కలిపితే నౌకరీ ఊడుతుంది! మొదటి రోజు సూపర్‌వైజర్ ఏం చెప్పాడో తెలుసా? సునో, జోడో, భూల్ జావో. విను, కలుపు, మరిచిపో. మేమందరం క్యాంటీన్‌లో కాసేపు నోరు తెరిచేవాళ్ళం. మీ అక్క అక్కడా తెరిచేది కాదు. ఎవరైనా పలకరిస్తే మాట్లాడేది. పలకరించకపోతే సాయంత్రం దాకా అలాగే. మేం ఆమెను సర్కారీ తాళం అనేవాళ్ళం."

"తెలిసిన సంగతులు ఇతరులతో పంచుకుంటారా?"

"అరే వాహ్! అది నన్నడుగుతావా? రిపోర్టర్ సాబ్, నువ్వు చెప్పు. రోజుకెన్నిసార్లు ఫోన్ చేసేవాడివి మా బోర్డుకి! నీకెప్పుడైనా ఒక్క ఖబర్ ఇచ్చిందా?"

ఇవ్వలేదు. ఒకసారి ఆ శాఖ మంత్రి రాజీనామా చేస్తున్నాడని ఊరంతా గుసగుస. ఆ రోజు ఆయన ఎవరెవరితో మాట్లాడాడో తెలిస్తే నా పేరు మొదటి పేజీలో ఉండేది. ఆ కాల్స్ అన్నీ కలిపింది మా అక్క. ఇంటికొచ్చి నాకు అన్నం వడ్డించింది. నేను అటునుంచీ ఇటునుంచీ అడిగాను. "పప్పు వేసుకో," అంది. బతిమాలాను. "మజ్జిగ కావాలా?" అంది. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను. వేరే పత్రికవాడు రాసేశాడు. తర్వాత చాలా ఏళ్ళకు ఆ కోపం గర్వంగా మారింది, ఆ మాట అక్కకు ఎప్పుడూ చెప్పలేదు.

అలాంటి మనిషి గురించి, మాట కలపదు, సంగతులు చెప్పదు అని రాసి సంతకం పెట్టి వచ్చాను. ఆ ఫారం పైనే ఒక వాక్యం ఉంది, మునుపటితో పోల్చి జవాబివ్వండి అని. నేను పోల్చింది పై ఇంటావిడతో, పార్కులో గొంతెత్తి నవ్వే వాళ్ళతో. పోయిందేమిటో కొలవమంటే, ఎన్నడూ లేనిదాన్ని కూడా పోయిన ఖాతాలో వేశాను.

"అయితే ఏమీ మారలేదంటారా?" అని అడిగాను ఆవిడను. ఆశగానే అడిగాను.

ఆవిడ కాసేపు అక్క ముఖంలోకి చూసింది. నవ్వు తగ్గింది.

"మారింది, ఎందుకు మారలేదు? నాకు షుగర్ వచ్చినప్పట్నించీ క్యాంటీన్ కుర్రాడు చాయ్ తెస్తే ముందు నా గ్లాసు మీ అక్క ఒక చుక్క రుచి చూసి ఇచ్చేది, చక్కెర పడిందేమోనని. ఇవాళ చూడు. తన కప్పు తాగింది, నా కప్పూ తాగేసింది. నేను తాగానో లేదో చూడలేదు." కప్పులు రెండూ ఖాళీగా ఉన్నాయి. "అదీ రాయి. దోస్త్‌నని నేను ఝూఠ్ చెప్పను."

రాశాను.

నాలుగో వారం చివర మార్చి నెల మొదలైంది. ఢిల్లీ ఇళ్ళల్లో పంకా వేయాలా వద్దా అని తగువులాడుకునే రోజులు. అక్కను సెంటర్లో పెద్ద గదిలోకి తీసుకెళ్ళారు. నేను అద్దానికి ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. తలుపు కొంచెం తెరిచే ఉంది. నా కూతురు ఆఫీసుకు అరపూట సెలవు పెట్టి వచ్చి నా పక్కన ఫోన్ చూసుకుంటోంది. లోపల ఏడెనిమిదిమంది. మొదట బంతి ఆట. బంతి ఒకరినుంచి ఒకరికి విసరాలి. అక్క వంతు వచ్చినప్పుడు బంతిని రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఎంత అడిగినా ఇవ్వలేదు. సైకాలజిస్టు అమ్మాయి మూలన కూర్చుని కాగితం మీద ఏదో రాసుకుంది. నా కూతురు తలెత్తి చూసి మళ్ళీ దించింది.

ఆట అయ్యాక అందరినీ బల్లల దగ్గర కూర్చోబెట్టారు. అక్క ఎదురుగా ఒక తమిళావిడ. హిందీ పూర్తిగా మరిచిపోయి మాతృభాష మాత్రమే మిగిలిన మనిషని తర్వాత తెలిసింది. ఆవిడ ఏదో అంటోంది, మళ్ళీ మళ్ళీ, గొంతు పెరుగుతోంది. ఆయా వచ్చి, "బేటా ఆయేగా అమ్మా, శామ్ కో ఆయేగా," అని భుజం తట్టింది, కొడుకు కోసం అడుగుతోందనుకుని. ఆవిడ తల అడ్డంగా ఊపి ఇంకా గట్టిగా అంది. నాకు వచ్చిన అరకొర తమిళానికి 'కుళిరుదు' అన్న మాట అందింది. చలి. నేను లేవబోయాను. నా కూతురు నా చొక్కా పట్టుకుంది.

"నాన్నా. బైఠియే."

కూర్చుని లెక్కపెట్టాను. పది దాటింది. పదిహేను. అక్క తల కొంచెం పక్కకు వాల్చి వింటోంది. ఆ వాలు నాకు తెలుసు. హెడ్‌సెట్ పెట్టుకున్న చెవి వైపు.

"ఇన్‌కో ఠండ్ లగ్ రహీ హై," అంది అక్క ఆయాతో, హెచ్చూ తగ్గూ లేని గొంతుతో. "పంఖా బంద్ కీజియే."

ఆయా పైకి చూసింది. పంకా సరిగ్గా తమిళావిడ నెత్తిమీదే తిరుగుతోంది. వెళ్ళి ఆపింది. అక్క తమిళావిడ వైపు తిరిగి, "సొల్లిట్టేన్," అంది. చెప్పేశాను. ట్రంక్ కాల్స్ రోజుల్లో మద్రాసు ఆపరేటర్లతో పొద్దస్తమానం మాట్లాడిన తమిళం. అంతే. ఆ తర్వాత చేతులు కట్టుకుని ఎదురుగోడ వైపు చూస్తూ కూర్చుంది. తమిళావిడ చెయ్యి చాచి అక్క మోచెయ్యి తాకింది, అక్క అటు చూడలేదు. కాల్ కలిసింది, ఇక తనకు అక్కడ పనిలేదు.

నా కూతురు ఫోన్ పక్కన పెట్టేసింది. "అత్తకి టమిల్ ఆతా హై?" అంది, నన్ను కాదు, అద్దాన్ని అడిగినట్టు.

మధ్యాహ్నం సైకాలజిస్టు అమ్మాయి మమ్మల్ని పిలిచి ప్రశ్నలు ఒక్కొక్కటే చదివింది. నేను పుస్తకం చూసి జవాబులు చెప్పాను. పంజాబీ ఆవిడ ఫోన్లో చెప్పిన జవాబులు ముందే తన దగ్గరున్నాయి. పద్దెనిమిదో ప్రశ్న వచ్చింది.

"ఈ నాలుగు వారాల్లో ఎవరిమీదైనా చెయ్యి చేసుకున్నారా?"

గదిలో నేను, నా కూతురు, ఆ అమ్మాయి. నా కూతురికి ఆ సంగతి తెలియదు. బంతి దగ్గర మార్కు పోయింది, చాయ్ కప్పు దగ్గర పోయింది, ఇది కూడా పోతే ఎక్కడ తేలుతుందో నాకు తెలియదు. లేదు అన్న ఒక్క మాట చాలు. ఇలాంటి ఒక్క మాట కోసం ఎంతమంది నన్ను గదుల్లోకి పిలిచి బతిమాలారో, నేను ఎంత బిగుసుకుని కూర్చున్నానో గుర్తొచ్చింది. ఇవాళ నాది, మా అక్కది అని నియమం సడలిస్తే, ఈ పుస్తకంలో మెంతికూర మాత్రం ఎవరు నమ్మాలి?

"చేసుకుంది," అన్నాను. పేజీ తీసి చదివాను.

నా కూతురు కళ్ళు మూసుకుంది. ఆ అమ్మాయి పెన్ను ఆపి అడిగింది. "దానికి ముందు ఏం జరిగింది?"

చెప్పాను. తొందర, వెనకనుంచి రావడం, చెప్పకుండా కుచ్చిళ్ళు లాగడం.

"ఇది రాసుకున్నారు చూడండి, చాలా మంచి పని చేశారు," అంది. "ఇది లేకపోతే కొడతారు అని మాత్రమే రాసేదాన్ని." సున్నా వేసింది, అందులో మినహాయింపు లేదు. కానీ కింద ఖాళీలో హిందీలో పెద్ద అక్షరాలతో రాసింది: ముందునుంచి రావాలి, చెప్పి ముట్టుకోవాలి.

కూడితే ఇరవై రెండు వచ్చాయి.

"ఇవి పెరిగిన మార్కులు కావు, అంకుల్‌జీ," అంది నా ముఖం చూసి. "ఆ రోజూ ఇంతే ఉండి ఉంటాయి. మూడు నెలలకోసారి మళ్ళీ చూస్తాం. తగ్గుతాయి, అది మీకు తెలుసు."

"తెలుసమ్మా."

"ఇరవై కంటే తగ్గితే?" అంది నా కూతురు.

"అప్పుడు మాట్లాడదాం. ఇప్పటికి సోమవారం నుంచి పంపండి."

కారు ఎక్కాక నా కూతురు వెంటనే స్టార్ట్ చేయలేదు. "హోమ్ వాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్తాను," అంది. తర్వాత, "కొట్టిందని నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అంది. ఫోన్లో చెప్పే మాట కాదనుకున్నానన్నాను. వెనక్కి తిరిగి అక్క సీటు బెల్టు సరిచేయబోయి, ఆగింది. "అత్తా, బెల్టు పెడతాను, సరేనా?" అంది. తెలుగులోనే అంది.

అక్క ఆలోచించి, "ఊఁ," అంది.

సోమవారం సాయంత్రం నాలుగుకు వెళ్ళి అక్కను తీసుకొచ్చాను. మెట్లెక్కడానికి ఇద్దరికీ చాలాసేపు పట్టింది. టీ పెట్టి ఎదురుగా కూర్చున్నాను. మూడు నెలల గడువు, కొత్త పుస్తకం, చెక్కిన పెన్సిలు. పాత అలవాటు పోలేదు.

"అక్కా, ఇవాళ అక్కడ ఏం జరిగింది?"

పదివరకు లెక్కపెట్టాను. అక్క నా వైపు చూసింది. పప్పు గరిటె చేతిలో ఉన్న ఆ రోజు నావైపు ఎలా చూసిందో అలాగే.

"ఏం లేదు," అంది.

మరిచిపోయి అందో, చెప్పకూడదని అందో నాకు తెలియలేదు. అన్నది అన్నట్టు, టైమ్ వేసి రాసుకున్నాను. పక్కన ఏ మార్కూ వేయలేదు. అక్క తన కప్పు తాగి నా కప్పు వైపు చెయ్యి చాచింది. ఇచ్చేశాను. అదీ రాశాను.